పనికి కాదు, ప్రశ్నకి పిలవండి

(పరిశోధక విద్యార్థులు, అధ్యాపకులు కలిసి పాల్గొన్న ఒకరోజు సదస్సులో మధ్యాహ్నం చేసిన ప్రసంగం, రాతరూపంలో.)

అందరికీ నమస్కారం.

విశ్వవిద్యాలయ పరిశోధనలో వేర్వేరు శాఖలు కలిసి పనిచేయడం గురించి మాట్లాడమన్నారు. శాఖలు కలిసి పనిచేయాలంటే కాదనేవాళ్లు నాకు ఇంతవరకు ఎదురుపడలేదు. అందరూ ఔనంటున్న పని ఇంత అరుదుగా ఎందుకు జరుగుతోందన్నదే నన్ను చాలా ఏళ్లుగా వేధిస్తున్న ప్రశ్న. నాది స్టాటిస్టిక్స్. ముప్పై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను. అందులో సగం కాలం డాక్టర్లు, వ్యవసాయ శాస్త్రవేత్తలు, ఇంజినీర్ల మధ్యే గడిచింది. అక్కడ చూసింది, చదివి తెలుసుకున్నది కలిపి మీ ముందు పెడతాను.

1956లో కేప్‌టౌన్ విశ్వవిద్యాలయంలో ఆలన్ కార్మాక్ అనే ఫిజిక్స్ లెక్చరర్ ఉండేవారు. ఆ ఊళ్లోని గ్రూట్ షూర్ ఆస్పత్రిలో పనిచేసే ఫిజిసిస్టు ఉద్యోగం మానేశారు. రేడియోధార్మిక ఐసోటోపులు వాడే ఆస్పత్రిలో వాటిని పర్యవేక్షించడానికి ఒక ఫిజిసిస్టు ఉండి తీరాలని అక్కడి చట్టం. కొన్నాళ్లు ఆ పని చూడమని కార్మాక్‌ని అడిగారు. వారానికి ఒకటిన్నర రోజు. ఆయన వెళ్లి రేడియోథెరపీ విభాగంలో కూర్చున్నారు.

అక్కడ క్యాన్సర్ రోగులకి రేడియేషన్ ఎంత ఇవ్వాలో లెక్క వేస్తున్నారు. ఆ లెక్కలో శరీరమంతా ఒకే పదార్థంతో చేసినట్టు అనుకుంటున్నారు. ఎముకకీ కండకీ ఊపిరితిత్తికీ తేడా లేదు. రోజూ ఆ గదిలో ఉండేవాళ్లకి అది అలవాటైపోయింది. బయటినుంచి వచ్చిన మనిషికి మాత్రం కంట్లో నలుసు పడ్డట్టయింది. ఒంట్లో ఏ చోట ఎక్స్‌రేలు ఎంత ఆగుతున్నాయో తెలియకుండా మోతాదు సరిగ్గా ఎలా చెబుతాం? అన్ని వైపుల నుంచీ ఎక్స్‌రేలు పంపి, బయటికి వచ్చినదాన్ని కొలిచి, లోపలి పటం గీయలేమా? ఇదీ ఆయనకి తట్టిన ప్రశ్న. ఈరోజు మనం సీటీ స్కాన్ అంటున్నదానికి ఒక మూలం ఇక్కడుంది.

తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. కార్మాక్ ఆ గణితాన్ని తనే కష్టపడి సాధించారు. 1963లో, 1964లో ఒక ఫిజిక్స్ జర్నల్‌లో రెండు పేపర్లు వేశారు. పట్టించుకున్నవాళ్లు దాదాపు లేరు. పేపర్ కాపీ పంపమని అడిగినవాళ్లలో అన్నిటికంటే ఆసక్తికరమైన ఉత్తరం స్విట్జర్లాండ్‌లోని హిమపాతాల పరిశోధన కేంద్రం నుంచి వచ్చిందని ఆయనే చెప్పారు. మంచు లోపల ఏముందో చూడాల్సిన అవసరం వాళ్లది. రోగి లోపల చూడాల్సిన డాక్టర్లు ఆ జర్నల్ చదవరు.

ఇంకో సంగతి. ఆయన కుస్తీ పట్టిన గణిత సమస్యని యోహాన్ రాడాన్ అనే ఆస్ట్రియా గణితవేత్త 1917లోనే పరిష్కరించి పెట్టారు. ఆ విషయం కార్మాక్‌కి తెలియడానికి దాదాపు పద్నాలుగేళ్లు పట్టింది. ఈలోపు ఇంగ్లండ్‌లో గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ అనే ఇంజినీరు, కార్మాక్ పని సంగతి తెలియకుండానే, తన దారిలో యంత్రం తయారుచేశారు. 1971 అక్టోబరులో లండన్‌లోని ఆస్పత్రిలో మొదటి రోగికి స్కాన్ తీశారు. 1979లో ఇద్దరికీ కలిపి వైద్యశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. ఒకరు ఫిజిక్స్, ఒకరు ఇంజినీరింగ్. ఇద్దరిలో డాక్టరు లేడు, ఇద్దరికీ పీహెచ్‌డీ కూడా లేదు.

ఆలస్యమంతా శాఖల మధ్య గోడల వల్లే అంటే అన్యాయం. 1917లో ఈ లెక్కలు చేసే కంప్యూటర్ ఎక్కడుంది? కానీ కార్మాక్ పక్క గదిలో ఒక గణితవేత్త ఉండి, "ఏమిటి సార్, దేనితో తంటాలు పడుతున్నారు?" అని ఒక్కసారి అడిగి ఉంటే, ఆయనకి కొన్నేళ్ల శ్రమ తగ్గేది. 1963లో ఆ పేపర్ ఒక్క రేడియాలజిస్టు బల్ల మీదికి చేరి ఉంటే ఏమయ్యేదోనని నేను చాలాసార్లు అనుకుంటాను.

ఇలాంటిదే మరొకటి ఉంది, ఇది పూర్తిగా లైబ్రరీలో జరిగింది. చికాగో విశ్వవిద్యాలయంలో డాన్ స్వాన్సన్ అనే ఆయన సమాచార శాస్త్రం మీద పనిచేసేవారు. వైద్యుడు కాదు. చలికి వేళ్లకి రక్తం ఆగిపోయి తెల్లబడే రేనాడ్స్ అనే జబ్బు ఉంది. ఆ జబ్బు మీద పేపర్లు రాసేవాళ్లు, ఆ రోగుల రక్తం చిక్కగా ఉంటోందని రాశారు. చేపనూనె మీద పేపర్లు రాసేవాళ్లు, అది రక్తం చిక్కదనాన్ని తగ్గిస్తుందని రాశారు. ఈ రెండు గుంపులూ ఒకరి పేపర్లు ఒకరు చదవలేదు, ఒకరినొకరు ఉదహరించలేదు. స్వాన్సన్ రెండూ చదివి, చేపనూనె ఆ జబ్బుకి పనికిరావచ్చని 1986లో రాశారు. కొన్నాళ్లకి జరిగిన ఒక చిన్న క్లినికల్ పరీక్ష ఆ ఊహకి కొంత బలమిచ్చింది. ఆయన కొత్త ప్రయోగమేమీ చేయలేదు. రెండు ముక్కలూ అచ్చులోనే ఉన్నాయి, ఎవరికీ దాపరికం లేదు. రెండూ ఒకే మనిషి కంట పడకపోవడమే లోటు.

ఇప్పుడు నా అనుభవానికి వస్తాను.

నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో, ఒక వైద్య కళాశాల నుంచి ఒక రీసెర్చ్ స్కాలర్ నా గదికి వచ్చింది. చేతిలో లావుపాటి ఫైలు. ఆపరేషన్ తర్వాత గాయం మానడానికి రెండు రకాల చికిత్సల్ని పోల్చి చూసే పని. రెండేళ్లపాటు డేటా సేకరించింది. "సార్, అనాలిసిస్ చేసి పెట్టండి. వచ్చే నెల థీసిస్ ఇవ్వాలి" అంది. ఫైలు తిరగేశాను. మొదటి రకం చికిత్స అంతా పొద్దున పూట ఒక డాక్టరు చేశారు. రెండో రకం అంతా సాయంత్రం పూట మరో డాక్టరు చేశారు. గాయం తొందరగా మానింది చికిత్స వల్లనా, డాక్టరు చెయ్యి వల్లనా? ఆ డేటాలోంచి ఎవరూ చెప్పలేరు. ఎంత పెద్ద సాఫ్ట్‌వేర్ తెచ్చినా చెప్పలేదు. ఆ మాట ఆ అమ్మాయికి చెప్పాల్సి వచ్చింది. ఆమె ఏడవలేదు. ఫైలు మూసి, "మొదట్లోనే మీ దగ్గరికి రావాలని మాకు ఎవరూ చెప్పలేదు సార్" అంది. ఆ మాట ఈనాటికీ నాకు గుర్తుంది.

స్టాటిస్టిక్స్‌లో పెద్దవాడైన ఆర్.ఎ. ఫిషర్ 1938లో భారత స్టాటిస్టికల్ కాంగ్రెస్‌లో మాట్లాడుతూ సరిగ్గా ఇదే చెప్పారు: ప్రయోగం అయిపోయాక స్టాటిస్టీషియన్ని పిలవడమంటే శవపరీక్ష చేయమనడమే, ప్రయోగం ఏ జబ్బుతో పోయిందో మాత్రం అతను చెప్పగలడని. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అని మనం అనుకునేదే. ఆ మాట చెప్పి ఎనభై ఏళ్లు దాటింది. ఇప్పటికీ నా గదికి వచ్చే పది ఫైళ్లలో ఎక్కువ భాగం అయిపోయిన ప్రయోగాలవే.

ఆ స్కాలర్ తప్పు ఏమీ లేదు. ఆమె శాఖ ఆమెకి నేర్పింది ఏమిటంటే, వేరే శాఖ మనిషి ఒక సేవ చేసి పెట్టేవాడని. స్టాటిస్టీషియన్ లెక్క వేసి పెడతాడు, కంప్యూటర్ సైన్స్ వాళ్లు ప్రోగ్రాం రాసి పెడతారు, సోషియాలజీ వాళ్లు సర్వే చేసి పెడతారు, భాషాశాస్త్రం వాళ్లు అనువాదం చూసి పెడతారు. ఇవన్నీ పనికి పిలవడాలు. పనికి పిలిచినవాడు పని చేసి వెళ్లిపోతాడు. మీ ప్రశ్న సరైనదో కాదో అతను ఆలోచించడు, ఆలోచించమని మనం అడగం కూడా. కార్మాక్‌ని ఆస్పత్రివాళ్లు పిలిచింది కూడా పనికే. కానీ ఆయన ఆ గదిలో ఉన్న ప్రశ్నని పట్టుకున్నారు. అది అదృష్టం. విశ్వవిద్యాలయం అదృష్టం మీద ఆధారపడకూడదు.

ప్రశ్నకి పిలిస్తే ఎలా ఉంటుందో కూడా నేను చూశాను. చాలా ఏళ్ల తర్వాత ఒక పిల్లల డాక్టరు గారు నా దగ్గరికి వచ్చారు. ఫైలు లేదు, డేటా లేదు. "మా వార్డులో ఒకే మందు కొందరు పిల్లలకి బాగా పనిచేస్తోంది, కొందరికి చేయడం లేదు. ఎందుకో నాకు అర్థం కావడం లేదు. మీరు వచ్చి చూస్తారా?" అన్నారు. నాకు వైద్యం ఏం తెలుసని వెళ్లాలి? అయినా వెళ్లాను. ఆరు వారాలు పొద్దున్నే ఆయన వెనకాల వార్డులో తిరిగాను. మొదటి రెండు వారాలు నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మూడో వారం ఒకటి గమనించాను. ఛార్టుల్లో మందు వేసిన టైములన్నీ గుండ్రటి అంకెలు. రెండు, పది, ఆరు. నర్సమ్మ గారిని అడిగితే, "మందులన్నీ వేసేశాక కూర్చుని రాస్తాం సార్, పిల్లల దగ్గర ఉన్నప్పుడు రాసే తీరిక ఎక్కడుంటుంది?" అన్నారు. ఆవిడ నిజం చెప్పారు. అంటే రెండు మోతాదుల మధ్య అసలు ఎంత గడువు ఉందో ఎవరికీ తెలియదు.

అప్పటిదాకా మా ప్రశ్న, ఈ మందు ఎవరికి పనిచేస్తుంది అన్నది. ఆ రోజు నుంచి, మోతాదుల మధ్య గడువు ఎంత మారుతోంది అన్నది మా ప్రశ్న అయింది. ఆ తర్వాత ఎలక్ట్రానిక్స్ విద్యార్థి ఒకడు వచ్చి, మంచానికి తగిలించే చిన్న బటన్ తయారుచేశాడు. మందు వేసి ఒక్కసారి నొక్కితే టైము నమోదవుతుంది, అంతే. అది చిన్న వస్తువే. కానీ దాని రూపం నిర్ణయించింది ఎవరనుకుంటున్నారు? నర్సులు. గ్లవ్స్ వేసుకున్న చేత్తో నొక్కడానికి వీలుగా ఉండాలన్నారు, చప్పుడు చేయకూడదన్నారు, కడగడానికి వీలుండాలన్నారు. మూడేళ్లు పట్టింది. మూడేళ్లకి ఒకే ఒక పేపర్ వచ్చింది. నా జీవితంలో నేను గర్వంగా చెప్పుకునే పేపర్ అదే.

ఇలాంటి పనిలో మొదట తగిలే ముల్లు భాష. తెలుగు, ఇంగ్లీషు సంగతి చెప్పడం లేదు. ఒకే మాట నాలుగు శాఖల్లో నాలుగు అర్థాలు. "వెక్టర్" అనండి. గణితంలో దిశ, పరిమాణం ఉన్న రాశి. అంటురోగాల మీద పరిశోధన చేసేవాళ్లకి రోగాన్ని మోసుకొచ్చే దోమ లాంటి ప్రాణి. జన్యుశాస్త్రంలో డీఎన్ఏ ముక్కని కణంలోకి మోసుకెళ్లే వాహకం. "కల్చర్" అంటే మైక్రోబయాలజీలో పళ్లెంలో పెరిగే సూక్ష్మజీవులు, ఆంత్రొపాలజీలో ఒక సమాజం బతికే తీరు. "ప్లాస్మా" అంటే ఫిజిక్స్ వాళ్లకి అయాన్లతో నిండిన వాయువు, డాక్టర్లకి రక్తంలోని ద్రవభాగం. ఇవి పర్వాలేదు, తేడా వెంటనే తెలిసిపోతుంది. ప్రమాదమంతా "మోడల్" లాంటి మాటలతో. జీవశాస్త్రవేత్త మోడల్ అంటే ఎలుక. నేను మోడల్ అంటే సమీకరణం. ఒక మీటింగులో ఇద్దరం గంటసేపు "మోడల్ సరిగ్గా లేదు, మార్చాలి" అని ఏకీభవించాం. బయటికి వచ్చి ఆయన కొత్త ఎలుకలకి ఆర్డర్ పెట్టారు, నేను సమీకరణం మార్చాను. రెండు నెలల తర్వాత గానీ మాకు సంగతి తెలియలేదు. అప్పటినుంచి నేను కలిసి చేసే ప్రతి ప్రాజెక్టులో మొదటి నెల ఒక నోటుబుక్కు పెడతాను. ఎవరైనా తమ శాఖ మాట వాడితే, వేరే శాఖ మనిషి దాన్ని తన మాటల్లో రాయాలి. మాట చెప్పినవాళ్లు రాయకూడదు, విన్నవాళ్లే రాయాలి. ఎక్కడ అర్థం జారిపోయిందో అప్పుడే బయటపడుతుంది.

మాటల కంటే లోతైన తేడా ఒకటుంది. దేన్ని రుజువు అంటాం? గణితవేత్తకి ఒక్క మినహాయింపు దొరికితే సిద్ధాంతం పోయినట్టే. కణ భౌతికశాస్త్రంలో కొత్త కణం కనుక్కున్నామనాలంటే ఐదు సిగ్మాలు కావాలి. అంటే అసలు కణమే లేకపోతే అలాంటి సంకేతం యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం సుమారు 35 లక్షల్లో ఒకటి ఉండాలి. వైద్యంలో ఎక్కువగా ఇరవైలో ఒకటి దగ్గర ఆగుతారు, ఎందుకంటే రోగులు లక్షల్లో దొరకరు, ఎదురుచూసే టైము కూడా ఉండదు. ఆంత్రొపాలజిస్టు ఒక ఊళ్లో రెండేళ్లు ఉండి వస్తే, ఆ ఉండటమే సాక్ష్యానికి బలం. ఈ కొలతలు వేర్వేరుగా ఉండటానికి తగిన కారణాలున్నాయి. అవి తెలియకపోతే, "వాళ్లది అసలు సైన్సేనా?" అనే మాట నోట్లోంచి వచ్చేస్తుంది. కలిసి చేయాల్సిన పనులు ఆ ఒక్క మాటతో ఆగిపోవడం నేను చూశాను.

ఇక చోటు సంగతి. 1943లో అమెరికాలోని ఎంఐటీ అనే విశ్వవిద్యాలయంలో యుద్ధ అవసరాల కోసం హడావుడిగా ఒక చెక్క భవనం కట్టారు, దానికి బిల్డింగ్ 20 అని పేరు. యుద్ధం అయ్యాక కూల్చేయాలనుకున్నారు. అది 1998 దాకా నిలబడింది. ఎవరికీ చోటు దొరకనప్పుడు అందులోకి పంపేవాళ్లు. ఎలక్ట్రానిక్స్ వాళ్లు, భాషాశాస్త్రవేత్తలు, ఇంకా రకరకాల మనుషులు ఒకే కారిడార్లో పడ్డారు. భాషాశాస్త్రంలో పెద్దవాళ్లైన నోమ్ చామ్‌స్కీ, మోరిస్ హాలే అక్కడే పనిచేశారు. భవనం మీద ఎవరికీ మమకారం లేదు కాబట్టి, కావాలంటే గోడ పగలగొట్టుకునేవాళ్లు, పైకప్పుకి రంధ్రం చేసుకునేవాళ్లు.

పారిస్‌లోని జుస్యూ క్యాంపస్‌లో ఆస్బెస్టాస్ తొలగించాల్సి వచ్చి, ల్యాబుల్ని ఒకచోటి నుంచి ఇంకో చోటికి మార్చాల్సి వచ్చింది. ఎవరు ఎవరి పక్కకి వెళ్తారన్నది వాళ్ల చేతుల్లో లేదు. పరిశోధకుడికి ఇంతకంటే మంచి ప్రయోగం దొరకదు. 2018లో వచ్చిన అధ్యయనంలో తేలిందేమిటంటే, ఒకే చోటికి చేరిన ల్యాబులు కలిసి పరిశోధన చేసే అవకాశం 3.5 రెట్లు పెరిగింది. నాకు నచ్చిన సంగతి దాని పక్కనే ఉంది: తర్వాత మళ్లీ విడిపోయినా ఆ సహకారం తగ్గలేదు. పరిచయం అవడానికే పక్కపక్కన ఉండాలి. అయ్యాక దూరం పెద్ద అడ్డు కాదు.

భవనాలు కట్టడానికి మన దగ్గర డబ్బు లేదనుకోండి. హార్వర్డ్ మెడికల్ స్కూల్లో ఒక గ్రాంటుకి అర్జీ పెట్టాలనుకున్న శాస్త్రవేత్తల్ని పిలిచి, ఎవరు ఏ గదిలో ఉండాలో లాటరీ పద్ధతిలో నిర్ణయించారు. తొంభై నిమిషాలు మాట్లాడుకోనిచ్చారు. ఒకే గదిలో పడ్డ జంటలు కలిసి అర్జీ పెట్టే అవకాశం 75 శాతం పెరిగింది. అసలు అవకాశమే చాలా తక్కువ కాబట్టి పెరిగినా అది చిన్న సంఖ్యే, ఆ మాట దాచను. కానీ ఖర్చు తొంభై నిమిషాలు.

ఒకే గదిలో కూర్చోవడం ఎంత పని చేస్తుందో డీఎన్ఏ నిర్మాణం కనుక్కున్న కథలోనూ ఉంది. కేంబ్రిడ్జిలో వాట్సన్ జీవశాస్త్రం నుంచి, క్రిక్ ఫిజిక్స్ నుంచి వచ్చినవాళ్లు. డీఎన్ఏలో జతలుగా కలిసే బేసులనే రసాయనాల ఆకారాల్ని వాట్సన్ పాఠ్యపుస్తకాల్లోంచి తీసుకుని జతలు కలపాలని చూస్తుంటే కుదరడం లేదు. అదే గదిలో జెర్రీ డొనహ్యూ అనే రసాయన శాస్త్రవేత్త కూర్చునేవారు. పుస్తకాల్లో ఉన్న ఆకారాలు తప్పని, హైడ్రోజన్ వేరే చోట ఉంటుందని చెప్పారు. ఆ మాట విన్నాకే 1953 ఫిబ్రవరి చివర్లో జతలు సరిపోయాయి. అది ఆయన ఏ పేపర్లోనో ఎదురుపడే సంగతి కాదు, పక్క బల్ల దగ్గరి మాట.

ఇదే కథకి ఇంకో ముఖం ఉంది, దాన్ని దాటవేయకూడదు. లండన్‌లోని కింగ్స్ కాలేజీలో రోజలిండ్ ఫ్రాంక్లిన్ దగ్గర తీసిన ఎక్స్‌రే చిత్రాన్ని ఆమెకి తెలియకుండా వాట్సన్‌కి చూపించారు. ఆమె 1958లో చనిపోయారు, 1962లో నోబెల్ మిగతావాళ్లకి వచ్చింది. ఆమె పనికి దక్కాల్సిన గుర్తింపు దక్కడానికి దశాబ్దాలు పట్టింది. ఎవరి పని ఎవరిదో చెప్పుకునే పద్ధతి లేని చోట సహకారం పేరుతో అన్యాయం జరుగుతుంది. అది ఎక్కువగా బలహీనుల మీదే పడుతుంది.

అందుకే ఆథర్ల వరస గురించి మొహమాటం లేకుండా మొదటి మీటింగులోనే మాట్లాడమంటాను. గణితంలో పేర్లు అక్షర క్రమంలో వేస్తారు. జీవశాస్త్రంలో చివరి పేరు ల్యాబ్ పెద్దది, మొదటి పేరు పని చేసినవాళ్లది. కంప్యూటర్ సైన్స్‌లో కాన్ఫరెన్స్ పేపర్‌కి ఉన్న విలువ ఇంకో శాఖలో లేదు. గణిత విద్యార్థి పేరు అక్షర క్రమం వల్ల మధ్యలో పడిందనుకోండి. జీవశాస్త్రం నుంచి వచ్చిన సెలక్షన్ కమిటీ సభ్యుడు, ఇతను ఏమీ చేయలేదు అనుకుంటాడు. ఒక ఉద్యోగం పోతుంది. ఎవరు ఏ పని చేశారో పద్నాలుగు రకాల పాత్రలుగా విడదీసి రాసే క్రెడిట్ అనే పద్ధతిని ఇప్పుడు చాలా జర్నల్స్ పాటిస్తున్నాయి. ఆలోచన ఎవరిది, డేటా ఎవరు శుభ్రం చేశారు, సాఫ్ట్‌వేర్ ఎవరు రాశారు, అన్నీ విడివిడిగా. మీ జర్నల్ అడగకపోయినా మీరు రాసుకోండి.

ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే నా అసలు ఆందోళన ఇదే. 2016లో నేచర్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. ఆస్ట్రేలియా రీసెర్చ్ కౌన్సిల్‌కి ఐదేళ్లలో వచ్చిన 18,476 ప్రాజెక్టు అర్జీల్ని పరిశీలించారు. ఎంత దూరపు శాఖల్ని కలిపితే, డబ్బు వచ్చే అవకాశం అంత తగ్గుతోంది. ఇది ఒక దేశం లెక్కే. కానీ కారణం ఊహించడం కష్టం కాదు. అర్జీని చదివే నిపుణుడు ఒక శాఖ మనిషి. అతనికి తెలిసిన సగం పాతదిగా, తెలియని సగం నమ్మలేనిదిగా కనిపిస్తుంది. రెండో శాఖ నిపుణుడికి సరిగ్గా తలకిందులు. ఇద్దరూ నిజాయితీగానే మార్కులు తగ్గిస్తారు.

సీనియర్లకి గ్రాంటు రాకపోతే ఒక ప్రాజెక్టు పోతుంది. పీహెచ్‌డీ విద్యార్థికైతే జీవితమే ఇరుకున పడుతుంది. రెండు శాఖల మధ్య థీసిస్ రాసిన పిల్లలకి ఎదురయ్యేవి చూడండి: కోర్స్‌వర్క్ రెండు చోట్లా చేయాలి, టైము మాత్రం ఒకరిదే. ఇద్దరు గైడ్లు చెరో వైపు లాగుతారు. పరీక్షించడానికి ఎగ్జామినర్ దొరకడు. వైవాలో ఒకాయన, "ఇందులో మా సబ్జెక్టు ఎక్కడుంది?" అంటారు. ఉద్యోగ ప్రకటనలో "సంబంధిత విషయంలో డిగ్రీ" అని ఉంటుంది. ఏ విషయం? ఇన్ని దాటుకుని వచ్చిన పిల్లల్ని చూస్తే నాకు గౌరవం కలుగుతుంది, వాళ్లని ఇంత కష్టపెట్టామని బాధా కలుగుతుంది.

ముందు వరసలో డీన్లు, శాఖాధిపతులు ఉన్నారు కాబట్టి నేరుగా అడుగుతున్నాను. పెద్ద సెంటర్లు, కొత్త బోర్డులు అడగను. ఇద్దరు గైడ్లకీ సమానంగా లెక్క వచ్చేలా నియమం మార్చండి. ఇప్పుడు చాలాచోట్ల కో-గైడ్ అంటే కాగితం మీద పేరే. రెండు శాఖల మధ్య థీసిస్‌కి, విద్యార్థి చేరిన మొదటి ఏడాదే ఎగ్జామినర్ల జాబితా ఒప్పుకుని పెట్టండి. ప్రమోషన్ ఫారంలో మొదటి ఏడాది ఫలితం రాని సహకారానికి ఒక గడి ఉంచండి. నేను వార్డులో తిరిగిన ఆరు వారాలకి ఏ ఫారంలోనూ చోటు లేదు. అప్పటికి నాకు ప్రొఫెసర్ పదవి వచ్చేసింది కాబట్టి తిరగగలిగాను. ముప్పై ఏళ్ల వయసున్న అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని అలా తిరగమని నేను చెప్పగలనా?

ఇది అసాధ్యమేమీ కాదు, మన దేశంలోనే జరిగింది. భారత స్టాటిస్టిక్స్‌కి పునాది వేసిన మహలనోబిస్ ఫిజిక్స్ మనిషి. మనుషుల కొలతల మీద ఆంత్రొపాలజీ వాళ్ల ప్రశ్న ఒకటి ఆయన ముందుకి రావడంతో, రెండు గుంపులు ఎంత దూరంగా ఉన్నాయో కొలిచే పద్ధతి కనిపెట్టే దారిలో పడ్డారు. 1936లో వచ్చిన ఆ కొలత ఇప్పటికీ ఆయన పేరుతోనే నడుస్తోంది. ఆయన కలకత్తాలో 1931లో స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో జనపనార పంట అంచనాలు, జీవశాస్త్రం, భూగర్భశాస్త్రం అన్నీ చోటు చేసుకున్నాయి. స్టాటిస్టిక్స్‌లో పేరున్న మన సి.ఆర్. రావు గారు అక్కడి నుంచే 1946లో కేంబ్రిడ్జి వెళ్లారు. వెళ్లింది పురావస్తు, ఆంత్రొపాలజీ మ్యూజియానికి. సూడాన్ తవ్వకాల్లో దొరికిన అస్థిపంజరాల కొలతల్ని విశ్లేషించడానికి. ఎముకలు అడిగిన ప్రశ్నల్లోంచి ఆయన గణితం పెరిగింది. ఒక స్టాటిస్టిక్స్ సంస్థ ప్రాణహిత-గోదావరి లోయలో డైనోసార్ ఎముకలు తవ్వి తీసిందంటే నమ్ముతారా? తీసింది. దానికి బరపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు, ఎముకలు బయటపడింది టాగోర్ శతజయంతి సంవత్సరంలో కాబట్టి. భూగర్భశాస్త్రానికి మాకేం సంబంధం అని ఎవరైనా ఫైలు వెనక్కి పంపి ఉంటే ఆ ఎముకలు అక్కడే ఉండేవి.

స్కాలర్లకి రెండు మాటలు. ఒకటి, మీ శాఖలో మీరు గట్టిగా ఉండండి. అవతలివాళ్లు మిమ్మల్ని పిలిచేది మీకు ఒకటి లోతుగా తెలుసని. అన్నీ కాస్త కాస్త తెలిసినవాళ్లు ఇద్దరు కలిస్తే ఏ గోడా పగలదు. రెండోది, గుంపు పెద్దదైతే మంచిదని అనుకోకండి. ఆరున్నర కోట్ల పేపర్లు, పేటెంట్లు, సాఫ్ట్‌వేర్లని పరిశీలించి 2019లో వచ్చిన అధ్యయనం ప్రకారం, ఉన్న దారిని ముందుకి తీసుకెళ్లేది పెద్ద బృందాలైతే, దారినే మార్చే పనులు చిన్న బృందాల నుంచి ఎక్కువ వస్తున్నాయి. ఇద్దరు చాలు. ముగ్గురైతే ఎక్కువే.

టీ తర్వాత మీరు కూర్చునే బల్లలకి అంకెలు వేశాం. మీ శాఖ వాళ్లు మీ బల్ల దగ్గర ఉండరు, చీటీలు తీసి వేశాం. ప్రతి కుర్చీ ముందు ఒక తెల్లకాగితం ఉంది. మీ పరిశోధనలో మీకు అర్థం కానిది ఒకటి, బల్ల మీద ఉన్న మిగతా ఐదుగురికీ అర్థమయ్యే మాటల్లో దాని మీద రాయండి. పేరు రాయొచ్చు. శాఖ పేరు మాత్రం రాయకండి. తర్వాత ఆ కాగితాన్ని కుడివైపు మనిషికి ఇవ్వండి. వాళ్లు జవాబు రాయకూడదు, కింద ఇంకో ప్రశ్న రాయాలి. తొంభై నిమిషాలు టైము ఉంది, నేనూ నాలుగో బల్ల దగ్గర కూర్చుంటాను.